ఇంటి గాలికి ఒక నీరుగంటి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేటి నా విషయము మొదట పట్టణపు మాటవలె తోచవచ్చును. ఇంటిలోని గాలి రాకపోకలను, వెచ్చదనమును, చల్లదనమును ఒక చిన్న కంప్యూటరునకు అప్పగించుటను గూర్చి చెప్పబూనితిని. ఇది మేడలలో నుండువారి ముచ్చట గాని మన ఊళ్ళకేల యని మీలో కొందరు తలంచవచ్చును. అట్టివారిని ఒక్క మాట అడుగుదును. మీ ఊరి పొలిమేరలో క్రొత్త పద్ధతి కోళ్ళ షెడ్డు ఏదైన నున్నచో, దానిలోనికి ఎన్నడైన పోయి చూచితిరా?

ఆ షెడ్డునకు ఒక చివర పెద్ద ఫ్యానులు, రెండవ చివర నీటితో తడియుచుండు ప్యాడ్లు, గోడకు ఒక పెట్టె ఉండును. మొదటి వారమున కోడిపిల్లకు 32 మొదలు 35 సెంటిగ్రేడు డిగ్రీల వరకు వెచ్చదనము కావలెను. పెరిగిన కొలది దానిని తగ్గించుచు రావలెను. గోడకున్న పెట్టె లోపలి వేడిమిని, తేమను ఎల్లప్పుడు కొలుచుచు, ఎంత గాలి కావలెనో అన్ని ఫ్యానులనే నడుపును. అవసరమైనపుడు ప్యాడ్లకు నీరు వదలును. ఆ పెట్టెయే కంప్యూటరు. కోడిపిల్లకు ఇంత ఏర్పాటు చేసిన మనము, రేకుల ఇంటిలో మంచము పట్టిన ముసలి తండ్రికి ఏమి చేసితిమి? అంగన్‌వాడీలో నిదురించు పసిబిడ్డకు ఏమి చేసితిమి?

ఈ ప్రశ్న వేడుకకు వేసినది కాదు. 2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాలులకు వేయిమందికి పైగా మరణించిరి. వడదెబ్బ ఎండలో తిరుగువారికే గాక ఇంటిలో కూర్చున్న వృద్ధులకు సైతము తగులును. పగలెల్ల కాగిన స్లాబు రాత్రి చాల ప్రొద్దు వరకు ఆ వేడిని లోనికి వదలుచుండును. పగటి వేడికి అలసిన శరీరము రాత్రియును చల్లబడకున్నచో ప్రాణమునకే ముప్పు.

వేడిమిని యంత్రముచే అదుపు చేయించుట క్రొత్త తలంపు కాదు. 17వ శతాబ్ది ఆరంభమున కార్నెలిస్ డ్రెబెల్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెకు, వేడి హెచ్చిన తనంతట తానే మంటను తగ్గించు సాధనమును అమర్చెను. 1883లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వారెన్ జాన్సన్ అను ఉపాధ్యాయుడు, తరగతి గదిలో వేడిమి మారగనే క్రింది కొలిమి గదిలో గంట మ్రోగు విద్యుత్ సాధనమునకు పేటెంటు పొందెను. ఆ చలి దేశమున గది వెచ్చదనము చూచుటకు పనివాడు మాటిమాటికి తరగతిలోనికి వచ్చి పాఠమునకు అంతరాయము కలిగించుటయే దానికి ప్రేరణ. నాటి గంటకు బదులుగా నేడు కంప్యూటరు వచ్చినది.

చెరువు గల ఊళ్ళవారికి నీరుగంటి పని తెలిసినదే. చెరువులో నీరెంత యున్నదో అతడు చూచును. ఏ మడికి ఎంత ఈయవలెనో యోచించును. తూము ఎత్తును, దించును. ఇంటి కంప్యూటరు పనియు ఇట్టిదే. చూచుటకు వేడిమిని, తేమను కొలుచు సెన్సార్లు, ఒకటి ఇంటి లోపల, ఒకటి వెలుపల; యోచించుటకు అరచేతిలో ఇముడు చిప్పు పలక; తూము వలె తెరచి మూయుటకు ఫ్యానునకు కరెంటు కలిపి తీయు రిలే స్విచ్చి. పలక, సెన్సార్లు నేడు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నవి. తీగలు అమర్చు పనిని మాత్రము తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను.

ఇక ఆ పలకకు నేర్పవలసిన సూత్రము మన అవ్వలకు తెలిసినదే. వేసవిలో ప్రొద్దెక్కగనే వారు కిటికీలు మూసెడివారు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తెరచెడివారు. పగలు రెండు గంటలకు వెలుపల 43 డిగ్రీలు, లోపల 36 డిగ్రీలు ఉన్నవనుకొనుడు. అప్పుడు కిటికీ తెరచిన వేడిని కొనితెచ్చుకొనుటయే. రాత్రి పదకొండు గంటలకు వెలుపల 30, లోపల 35 అయినచో, లోపలి వేడిగాలిని బయటికి త్రోయు ఎగ్జాస్టు ఫ్యానును నడుపవలెను. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి ఈ కొలతలు చూచువారెవరు? నిద్రపోని కాపలాదారు కంప్యూటరు. తెల్లవారు లోపల గోడలను, కప్పును చల్లార్చి, ఎండ ముదురక ముందే ఫ్యానును ఆపును. కిటికీలు కూడ యంత్రముచే మూయించుట ఖర్చుతో కూడిన పని గనుక, ఆ పని ఇంటివారు చేసినచో చాలును.

ఇందు కొన్ని మెలకువలు కలవు. వెలుపలి గాలి లోపలికంటె 2 డిగ్రీలు చల్లబడిన తరువాతనే ఫ్యాను తిరుగవలెను. రెండును సమానమైనప్పుడు ఆగవలెను. ఈ ఎడము లేకున్నచో ఫ్యాను నిమిషమున కొకసారి ఆగుచు, తిరుగుచు మోటారు చెడును. రెండవది తేమ. రాయలసీమలోను, తెలంగాణములోను వేసవి గాలి పొడిగా నుండుటచే నీటి కూలరు, వెనుకటి వట్టివేళ్ళ తడికెవలె, చక్కగ పనిచేయును. సముద్రతీరపు ఉక్కలో అదే కూలరు గదిని మరింత ఉక్కగ చేయును. కావున యంత్రము తేమను కూడ చూచి కూలరును నడుపవలెను. మూడవది ప్రాణమునకు సంబంధించినది. గదిలోని గాలి 40 డిగ్రీలు దాటినచో ఫ్యాను గాలి శరీరమును చల్లబరుపక, వేడెక్కించును. అట్టి వేళ యంత్రము గంట మ్రోగింపవలెను. ఇంటివారు వృద్ధుని చల్లని చోటికి చేర్చి, ఒడలు తడిగుడ్డతో తుడిచి, నీరు త్రాగింపవలెను. ఈ సేవ ఏ యంత్రమును చేయజాలదు.

వేడికి భయపడి ఎల్లప్పుడు తలుపులు బిగించుటయు తగదు. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళలో సుమారు 420 పాళ్ళుండును. పిల్లలు నిండిన మూసిన గదిలో అది 1000 దాటినచో గాలి చాలలేదని గుర్తు. దీనిని కొలుచు సెన్సారును బడిలో అమర్చిన, అది గాలిని మార్చవలసిన వేళను తెలుపును.

నేనెరిగిన ఒక కార్యాలయమున జరిగినది చెప్పుదును. అచ్చట ఇట్టి యంత్రము అమర్చిరి. వెలుపలి సెన్సారును పడమటి గోడకు బిగించిరి. ప్రొద్దు గ్రుంకిన చాలసేపటి వరకు ఆ గోడ కాగుచునే యుండెను. గాలి చల్లబడినను యంత్రమునకు తెలియక, ఫ్యాను అర్ధరాత్రి దాటువరకు కదలలేదు. చేతితో వేయుటకు స్విచ్చి పెట్టలేదు. తుదకు ప్యూను తీగ లాగివేసెను. నాటినుండి ఆ పెట్టె దుమ్ము పట్టియున్నది. సెన్సారును ఉత్తరపు నీడలో, గాలి తగులు చోట పెట్టియున్నచో ఆ డబ్బు వ్యర్థమై యుండెడిది కాదు.

కావున పంచాయతీ భవనమునకు గాని, బడికి గాని, అంగన్‌వాడీకి గాని ఇట్టి ఏర్పాటు తలపెట్టునపుడు ఈ వరుసను పాటింపుడు. మొదట కప్పునకు తెల్లసున్నమో, ఎండను త్రిప్పికొట్టు తెల్లరంగో వేయింపుడు. ఇందుచేతనే లోపలి వేడి 2, 3 డిగ్రీలు తగ్గుట కలదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఇందులకే. పిమ్మట పడమట నీడకు చెట్లు, గోడలపై భాగమున గాలిరంధ్రములు. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు వాడగా, బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల ప్రాంతముననే తిరుగును. ఎ.సి. ఉన్నచోట 24 డిగ్రీలకు తగ్గింపకుడు. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు నూటికి 6 వంతుల కరెంటు మిగులును. ఇవన్నియు జరిగిన తరువాతనే కంప్యూటరు. దానికి చేతి స్విచ్చి తప్పక ఉండవలెను. కరెంటు పోయి వచ్చినను తనంతట పని మొదలిడవలెను. చెడినచో బాగుచేయువాడు ఎవరో ముందే తేల్చుకొనవలెను. చెరువు గట్టు తెగియున్నపుడు ఎంతటి నీరుగంటి యున్నను పైరు దక్కదు గదా!

సభ్యులారా, రాబోవు గ్రామసభలో ఒక చిన్న పని చేయుడు. మీ ఊరిలో రేకుల క్రింద ఒంటరిగా నుండు వృద్ధుల ఇండ్లు ఎన్నియో వ్రాసికొనుడు. ఆ ఇండ్లలో రెండింటిలో మధ్యాహ్నమొకసారి, అర్ధరాత్రి యొకసారి వేడిమి కొలిచి చూడుడు. ఆ నాలుగు అంకెలు సభలో చదివిన నాడు, కప్పునకు సున్నము ముందో, మరే ఖర్చు ముందో నేను చెప్పనక్కరలేదు; సభయే చెప్పును.