ప్రయాణమునకు ముందు మోటారు సైకిలు



బొల్లారమనగానే సికింద్రాబాదు చెంత రాష్ట్రపతి నిలయమున్న బొల్లారము కొందఱకు స్ఫురించును. నేను చెప్పబోవునది ఆ బొల్లారము గాదు. పటాన్‌చెరువునకు తూర్పుగా, సంగారెడ్డి జిల్లాలో, మందుల కర్మాగారములకు పేరుపడిన బొల్లారము. అచ్చట ఉదయము షిఫ్టు మాఱు వేళ నిలిచి చూచినచో, జిన్నారము, గుమ్మడిదల, గడ్డపోతారము వైపుల పల్లెలనుండి వచ్చు మోటారు సైకిళ్లు బారులు తీరి కనబడును. ఒకప్పుడు కాడి యెడ్లు నిలిచిన చావడిలో నేడు ఈ బండి నిలుచుచున్నది.

నా ప్రసంగము ఆ బండ్లను నడపు పడుచువారికంటె, వారిని సాగనంపు పెద్దలకు. “మాకు మోటారు సంగతి తెలియదు” అని మీరనవచ్చును. అది వినయమే గాని నిజము గాదు. మీలో అనేకులు ఎడ్లబండి కట్టి ఏడుపాయల జాతరకో, ఝరాసంగమునకో పోయినవారు. పోవు ముందునాడు చక్రము లాగి ఇరుసునకు కందెన పెట్టలేదా? కడచీల అరిగినదేమో, ఇనుప పట్టా వదులైనదేమో చూడలేదా? ఆ కన్నే ఇప్పుడును కావలసినది.

కుఱ్ఱవాండ్రు చెప్పు సమాధానమొకటి నే నెఱుగుదును. “దినమును కంపెనీకి పోవుచున్న బండియే గదా, దీనికేమగును?” అందురు. ఈ మాటలోనే మోసమున్నది. దినమును పోవునది ఒక్కడు, త్రోవ కొద్దిపాటిది, చెడినచో ప్రక్కనే మేస్త్రీ యుండును. జాతరకు పోవునాడు వెనుక మఱొకరు కూర్చుందురు, సంచులు వ్రేలాడును, ఎండలో గంటల తరబడి పరుగు. నిత్యము కనబడక దాగియుండిన లోపము బరువు పడినప్పుడే బయటపడును. అదియు ఇంటియొద్ద కాదు, నర్సాపురము అడవిలో.

మొదట టైరులు. సదాశివపేట దగ్గఱ ఎమ్మార్ఫ్ వారి టైరుల కర్మాగారమున్నది గనుక, మన జిల్లావారికి టైరును గూర్చి చెప్పుట కొంత సాహసమే. అయినను చెప్పెదను. బొటనవ్రేలితో నొక్కి గాలి సరిపోయినదనుట వట్టి మాట. బండి నడువక చల్లగా నున్నప్పుడు కొలిచి చూడవలెను. ఎంత యుండవలెనో బండితో నిచ్చిన పుస్తకములోను, తఱచుగా బండిమీదనే అంటించిన చీటీలోను ఉండును. వెనుక మనిషి కూర్చున్నప్పుడు వెనుక చక్రమునకు హెచ్చు గాలి కావలెనని అందులోనే వేఱుగా వ్రాసియుండును; దీనిని చదువువారు తక్కువ. గాలి చాలని టైరు పరుగులో నలిగి నలిగి వేడెక్కును, ఆ వేడికి చెడును. దూరము పోయి వేడెక్కిన టైరును కొలిచి, గాలి యెక్కువైనదని తీయుట మఱొక పొరపాటు. ఇక అరుగుదల సంగతి. టైరు ప్రక్కన చిన్న త్రికోణపు గుర్తులుండును. వానికెదురుగా గాడిలోపల చిన్న గట్టు కనబడును. పై రబ్బరు అరిగి ఆ గట్టుతో సమమైనచో టైరు తీరినదన్నమాట.

రెండవది చైను. ఎక్కువ అశ్రద్ధ పొందునది ఇదియే కనుక కొంత నిలిచి చెప్పవలసియున్నది. చైను వదులైన జాఱును, బిగువైన తెగును. చిన్న బండ్లలో క్రింది వరుస నడుమ వ్రేలితో ఎత్తి దించినచో సుమారు 20 మొదలు 30 మిల్లీమీటర్ల వఱకు ఆడవలెను. సరియైన కొలత ఆ బండి పుస్తకములో చూడుడు. ఒక్కచోట చూచి విడువరాదు. చక్రమును త్రిప్పుచు నాలుగైదు చోట్ల చూడవలెను, ఏలయన చైను అంతటను ఒకే తీరున అరుగదు. అంతటిలో మిక్కిలి బిగువైన చోటునే కొలతగా గొనవలెను. ఖాళీ బండిలో బిగువుగా పెట్టిన చైను, ఇద్దఱు కూర్చుండి వెనుక భాగము దిగినప్పుడు ఇంకను లాగబడి పండ్లచక్రములను, బేరింగులను తినివేయును. ఇక చైను కొసలను కలుపు లాకు ఒకటుండును. దాని మూసిన కొస చైను పరుగెత్తు దిక్కునకు, తెఱచిన కొస వెనుకకు ఉండవలెను. తిరుగవేసినచో ఏ పుల్లయో రాయియో తగిలి ఊడిపోవచ్చును. కందెన పెట్టుటకు బండి నడిచి వచ్చి చైను వెచ్చగా నున్న వేళ మంచిది.

ఇంజను చమురు ఈ చిన్న బండ్లలో పట్టునదే సుమారు ఒక లీటరు. అందులో పావు లీటరు తఱిగిన, అది చిన్న నష్టము గాదు. బండిని చదునైన నేలమీద నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు కొలబద్ద తీసి చూచుట చిన్న పిల్లవాడైనను చేయగల పని.

బ్రేకులలో, డ్రమ్ము పైన అనేక బండ్లకు ఒక బాణపు గుర్తు ఉండును. బ్రేకును పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణము హద్దుగీతను చేరినచో లోపలి లైనర్లు అరిగిపోయినవి. డిస్కు బ్రేకుకైన, చేతిపిడి దగ్గఱ గాజు కన్నులోని ద్రవము తగ్గినచో మేస్త్రీకి చూపక పైన పోసి ఊరకుండరాదు. ప్యాడ్లు అరిగియుండవచ్చును, లేదా ఎచ్చటనో కాఱుచుండవచ్చును.

దీపములలో మీరొక వింత చూచియుందురు. పట్టపగలు ముందు దీపము వెలుగుచుండుట చూచి “దీపమార్పుమురా” అని కేకవేసిన పెద్దలను నేనెఱుగుదును. 2017 ఏప్రిల్ నుండి వచ్చు క్రొత్త బండ్లలో ఇంజను నడచుచుండగా అది ఆరదు. ఎదుటివారికి కనబడుటకై చేసిన ఏర్పాటది. చూడవలసినది వెనుక ఎఱ్ఱదీపము. చేతి బ్రేకు పట్టినను, కాలి బ్రేకు త్రొక్కినను అది హెచ్చుగా వెలుగవలెను. నడపువానికి అది కనబడదు గనుక, వెనుక నిలిచి చూచి చెప్పు పని పెద్దలే చేయవచ్చును. అమెరికా దేశమున మోటారు సైకిలు నేర్పువారు టైరులు, పిడులు, దీపములు, చమురులు, చట్రము, స్టాండ్లు అను ఆఱింటిని ఒక వరుసగా శిష్యులచే కంఠస్థము చేయింతురు.

ఇక పనిముట్ల మాట. దీనికి నా అనుభవమే చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట శివరాత్రికి మా మేనమామను వెనుక కూర్చుండబెట్టుకొని ఏడుపాయలకు పోతిని. మంజీర యొడ్డున దర్శనమై, రాత్రి మెదకునుండి తిరిగి వచ్చుచుండగా నర్సాపురము అడవిలో వెనుక చక్రము పంచరైనది. నాకు భయము లేదు. క్రొత్తగా కొన్న సంచిలో మెఱయుచున్న పానాలు, స్క్రూడ్రైవరు, పట్టకారు, టైరు విప్పు లివర్లు, ట్యూబు, గాలి పంపు అన్నియు నున్నవి. తీరా చూడగా ఇరుసు నట్టు పెద్దది. నా పానాలలో ఏదియు దానికి పట్టలేదు. రోడ్డు అంచున కూర్చుండి పట్టకారుతో పెనగులాడుచున్నాను. ఒక లారీ మమ్ము రాచుకొన్నంత చేరువగా పోయినది. అప్పుడు గాని, బండి చెడుటకంటె చెడినచోట కూర్చుండుట గొప్ప ఆపద యని నాకు తోచలేదు. బండిని రోడ్డు దించి, దూరముగా చెట్టు మొదటికి త్రోసికొనిపోయితిమి. గంటకు పైగా గడచిన పిమ్మట పాలబండివాడొకడు ఆగి తన పానా యిచ్చెను.

మామ అంతవఱకు ఒక్క మాట యనలేదు. చక్రము బిగించిన తర్వాత మెల్లగా, “ఇంటికాడ ఒక్కపారి విప్పి జూస్తే తెలుస్తుండె గద, అల్లుడా” అనెను.

నాటినుండి నా సంచి చిన్నదైనది. ఇరుసు నట్టులకు పట్టు పానా, 10, 12, 14, 17 అంకెల పానాలు, స్పార్కు ప్లగ్గు పానా, పట్టకారు, ఒక క్లచ్చి తీగ, ఒక చైను లాకు, ఒక ఫ్యూజు, తీగలకు చుట్టు టేపు, గాలి పంపు, ట్యూబు, చేతిదీపము, ఒక పాతగుడ్డ. ట్యూబు లేని టైరైనచో ట్యూబునకు, లివర్లకు బదులు రంధ్రములో దూర్చు రబ్బరు వత్తులును, వాని సూదులును. విప్పుట చేతగాని దానికి పనిముట్టు మోయను. ఇద్దఱకు హెల్మెట్లు సరేసరి. మూడవవాని నెక్కించుకొనుట చట్టమునకును, బండికిని ఒప్పదు.

మామ ఇప్పుడు దూరప్రయాణములకు రాడు. అయినను నేను బయలుదేరు ముందు సాయంకాలము అరుగుమీద కూర్చుండి, వెనుక నట్టు విప్పించి, మరల బిగింపించి, చక్రము చేతితో త్రిప్పి చూచును. ప్రొద్దుననే యెందుకు చూడవని ఒకసారి అడిగితిని. “ప్రొద్దుగాల లోపం దొరికితే దుకాణం తెరిచి ఉంటదా?” అని, సంచి తెమ్మనెను.