ద్రాక్షతోటలో గుర్తొచ్చిన నాన్న
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఎనిమిదేళ్లుగా ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేస్తున్నావు కదా, అక్కడి సంగతులు పది నిమిషాలు చెప్పమని మన సంఘం కార్యదర్శి అడిగాడు. ఈఫిల్ టవర్‌ను మీరంతా టీవీలో చూసే ఉంటారు. అందుకని ఒక ద్రాక్ష రైతు ఇంటికి వెళ్లిన సంగతి చెబుతాను. ఆయన వైన్ తయారు చేస్తాడు. బడి వేదిక మీద ఈ ముచ్చటేమిటని హెడ్‌మాస్టర్ గారు కంగారు పడొద్దు. నేను చెప్పేది తాగుడు గురించి కాదు, పని గురించి.

పారిస్ నుంచి వేగంగా పోయే రైలెక్కితే గంటకు పైచిలుకు ప్రయాణంలో తూర్ అనే పట్టణం వస్తుంది. దాని పక్కనే, లువార్ నది ఒడ్డున, వూవ్రే అనే ఊరుంది. నాతో పనిచేసే అతని మేనమామకు అక్కడ ఇరవై రెండెకరాల తోట ఉంది. 2023 సెప్టెంబరు చివర, కోతల సమయంలో, నన్ను వెంట తీసుకెళ్లాడు.

పెద్దాయనకు అరవై దాటాయి. మట్టి బూట్లు, జేబులో కత్తెర. చెయ్యి కలిపితే మా ఊరి రైతు చెయ్యిలాగే గరుగ్గా ఉంది. తోటంతా షెనిన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్ష. తీగ పెంచడం, కాయ కోయడం, రసం తీయడం, పులియబెట్టడం, సీసాల్లో నింపడం, అమ్మడం అన్నీ ఆ కుటుంబమే చేసుకుంటుంది. ఇలాంటివాళ్లను అక్కడ స్వతంత్ర ద్రాక్ష రైతులంటారు. వాళ్ల సంఘం గుర్తు పీపా మోస్తున్న మనిషి బొమ్మ.

కాయంతా ఒకేసారి కోయరు. పండిన గుత్తులను చూసి చేత్తో కోసి, మిగతావి వదిలేసి, కొన్నాళ్లకు మళ్లీ వస్తారు. ఆ ఏడాది ఎండ బాగా కాస్తే తీపి వైన్ వస్తుంది, చలిగా ఉంటే తీపి లేనిది చేస్తారు. "నేను నిర్ణయించను, ఏడాది నిర్ణయిస్తుంది" అన్నాడాయన. 2021 ఏప్రిల్ మొదట్లో ఫ్రాన్స్‌లో చాలాచోట్ల మంచు పడి, అప్పుడే పుట్టిన చిగుళ్లు మాడిపోయాయి. ఆ రాత్రులు తీగల మధ్య పెద్ద పెద్ద కొవ్వొత్తులు వెలిగించి తెల్లవార్లూ కాపలా కాశాడట. అయినా చాలా పంట పోయిందట.

తర్వాత కొండలో తొలిచిన గుహలోకి తీసుకెళ్లాడు. అక్కడిది మెత్తటి సున్నపురాయి. ఒకప్పుడు ఇళ్లకూ కోటలకూ ఆ రాయి తవ్వుకోగా మిగిలిన గుహలే ఇప్పుడు వైన్ కొట్లు. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల చల్లదనం ఒకేలా ఉంటుంది. ఒక మూల దుమ్ము పట్టిన సీసా చూపించి, తన తాత చేసిందన్నాడు. దాని మీద ఏడాది 1947. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది! ఆ ఏడాది వూవ్రేలో తీపి వైన్ గొప్పగా కుదిరిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన ఒక పీపాలోంచి కొంచెం తీసి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మేశాడు. తాగలేదు. కళ్లు మూసుకుని, "ఇది పైచెక్క ద్రాక్ష" అన్నాడు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా నాన్న సరిగ్గా ఇలాగే చేసేవాడు.

మా నాన్న గీత కార్మికుడు. నడుముకు మోకు, కత్తుల పొది కట్టుకుని పొద్దునా సాయంత్రం తాళ్లెక్కేవాడు. కల్లు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, అది ఏ చెట్టుదో చెప్పేవాడు. గెలను ఎంత పలచగా కోయాలో ఆ చేతికే తెలుసు. లోతుగా తెగితే ధార పోతుంది. ఆయన మాత్రం ఏనాడూ తాగలేదు.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు నేను మరిచిపోయిన ఫీజు డబ్బులిద్దామని చెట్టు దిగి నేరుగా బడికొచ్చాడు. ఒంటి మీద కల్లు వాసన. పిల్లలు నవ్వారు. ఎవరురా అని అడిగితే, "మా పాలేరు" అన్నాను. నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు. డబ్బులు నా చేతిలో పెట్టి, "బాగా చదువుకో బిడ్డా" అని వెళ్లిపోయాడు. ఇంటి దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. క్షమించమని నేను అడగనే లేదు.

ఆ గుహలో పెద్దాయన, "మీ నాన్న ఏం చేసేవారు?" అని అడిగాడు. ఉద్యోగాల్లో, పెళ్లిచూపుల్లో, అన్నిచోట్లా వ్యవసాయమని చెప్పినవాణ్ణి, ఆ రోజు మొదటిసారి నిజం చెప్పాను. ఆయన పని ఆపి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. చెట్టెంత ఎత్తు? రోజుకు ఎన్నిసార్లు ఎక్కాలి? పులియడానికి ఏం కలుపుతారు? ఏమీ కలపరు, దానంతటదే పులుస్తుంది, మర్నాటికి పుల్లబడి పనికి రాదు అన్నాను. కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: "నా తాత పనితనం సీసాలో ఉంది కాబట్టి నీకు చూపించాను. మీ నాన్నది ఏ రోజుకారోజే అయిపోయింది. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు."

ఆయన సీసా మీద ఇంటిపేరు అచ్చై ఉంది. మా నాన్న కుండ మీద ఏ పేరూ లేదు. ఆ కుండల మీద వచ్చిన డబ్బుతోనే నేను ఈ బడిలో చదువుకున్నాను.

పిల్లలూ, మీలో ఎవరి తండ్రి చెట్టెక్కినా, చెప్పులు కుట్టినా, ఆటో నడిపినా, బడికొస్తే ఎదురెళ్లి లోపలికి తీసుకురండి. గురువులకు ఒక విన్నపం. అలాంటి తండ్రి గుమ్మంలో నిలబడితే కుర్చీ వేయండి.

ఈ సంచికలో పూర్వ విద్యార్థుల వివరాలు అచ్చవుతున్నాయి. అందులో తండ్రి వృత్తి అనే గడి లేదు. బడి రిజిస్టర్లో మాత్రం నేను చెప్పిన అబద్ధం అలాగే ఉంది. అందుకే మీ అందరి ముందు, మా నాన్న నిలబడ్డ ఈ బడిలోనే, దిద్దుకుంటున్నాను. మా నాన్న గీత కార్మికుడు.