ఎడమకాలి పాఠం

కోతలయ్యాక మన ఏలూరు, తాడేపల్లిగూడెం పల్లెల్లో ఎండిన మడి కనిపిస్తే చాలు, కుర్రాళ్లు ఆటకు దిగిపోతారు. ఎక్కువగా క్రికెట్టే. వాళ్లకు హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు కథ చెప్పాలని నా కోరిక.

1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే! కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలంటూ పోటీలు పెట్టేవారు. ఎంత గొప్ప పాఠం!

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలో భారత్‌ది 4వ స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఆయన చేతిలో రాటుదేలినవారే సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ ఆటగాడు తులసీదాస్ బలరామ్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైనా, పెరూపైనా గోల్ కొట్టారు.