తోడువాద్యము - పియానోల ఎంపిక



ఛందోవ్యాకరణములు బోధించి విశ్రమించిన పల్లెటూరి పంతులునకు పియానోతో నేమి పనియని మీరు శంకింపవచ్చును. ఆ పని మా యింటనే పుట్టినది. మా దౌహిత్రుడు పాటలకు బాణీలు కట్టువాడు. వాని తల్లి, అనగా నా కుమార్తె, స్వర్గస్థురాలై సంవత్సరము నిండవచ్చిన దినములవి. ఆమె పాడిన జోలపాట యొకటి వాని సెల్‌ఫోనులో మిగిలియున్నది. దానికి పియానో తోడు కూర్చి, సాంవత్సరికము నాటికి బంధువులకు వినిపింపవలెనని వాని కోరిక.

పియానోను 1700 ప్రాంతమున ఇటలీదేశపు ఫ్లోరెన్సు నగరమున బర్తలోమియో క్రిస్టోఫరి యనునతడు నిర్మించెను. మీట నొక్కగా లోపలి సుత్తి తీగను కొట్టును. నేటి పెద్ద పియానోకు సామాన్యముగా 88 మీటలును, సుమారు 230 తీగలును ఉండును. అంతటి వాద్యము కొనుట మనబోంట్లకు సాధ్యమా? అందులకే దాని మీటలను మెల్లగను, గట్టిగను పలుమారులు మ్రోగించి, రికార్డు చేసి, కంప్యూటరున కెక్కించుచున్నారు. దీనినే శాంపిల్ పియానో సాఫ్ట్‌వేరందురు. మెల్లని ధ్వనిని పెద్దది చేసినంతనే గట్టిదెబ్బ కానేరదు. దెబ్బనుబట్టి నాదమే మారును. కనుక ఒక్కొక్క స్వరమునకు పెక్కు పొరలు కావలయును.

స్టైన్‌వే, బోసెన్‌డార్ఫర్, యమహా మున్నగు వాద్యముల ధ్వనులు ఇట్లు వేర్వేరుగా లభించుచున్నవి. రికార్డులు లేకయే గణితముచే నాదము పుట్టించు పియానోటెక్ వంటివియు గలవు. మావాడు మిక్కిలి పెద్దదాని నొకదానిని అప్పుచేసి కొనెను. దాని భారము మోయలేక కంప్యూటరు తడబడ, పాట నడుమ నాదము తెగిపోవుచుండెను. "తాతగారూ, ఇక కొత్త కంప్యూటరు కొనవలసినదే" యని వాడు దిగులుపడెను.

నేను వానిని వారించి, కన్నులు మూసికొని వింటిని. లోపము మరియొకటియు గలదు. అమ్మాయి శ్రుతి పియానో శ్రుతికంటె వెండ్రుకవాసి దిగువనున్నది. ఆమె శ్రుతిపెట్టె లేకయే ఉయ్యాల యొద్ద పాడినది. ఆ గొంతును సవరింప నా కిష్టము లేకపోయెను. "వాద్యమే నీ తల్లి శ్రుతికి దిగవలెను" అంటిని. కొయ్య పియానోయైనచో తీగలన్నిటిని సడలింపవలయును. సాఫ్ట్‌వేరునందు ఒక్క అంకె మార్చిన జాలినది.

పిమ్మట మూడు పియానోలను, పేర్లు చెప్పకుండ, వినిపింపుమంటిని. ఒక మీట నొక్కి నాదము నిశ్శబ్దమున లీనమగువరకు విన్నాము. అదే మీటను మెల్లనినుండి గట్టికి క్రమముగా నొక్కి, నడుమ మెట్టు వినబడునా యని చూచితిమి. కాలిమీట త్రొక్కినచో తీగల కడ్డుపడు దిమ్మెలు లేచి, కొట్టని తీగలును తోడుగా మ్రోగవలయును. ఆ అనురణనమును గమనించితిమి. కట్టకడపట గొంతుతో కలిపి వింటిమి.

ఒంటిగా ఘనముగా తోచినది గొంతును కప్పివేసెను. గొంతునకు చోటిచ్చినది, వెలలేకయే లభించు సాలమాండరను వాద్యము. అది యమహా సీ5 పియానోనుండి తీసినది. మూడేసి మీటలకొకటి చొప్పున 30 స్వరములను, ఒక్కొక్కటి 16 పొరలుగా రికార్డు చేసిరి. నడిమి స్వరములను యంత్రము సర్దుకొనును. లెక్కకు చిన్నది, మా పనికి చాలినది. మరి కొట్టిన పియానో తీగ గమకము పలుకనేరదు. కావున అమ్మాయి గమకము పలికిన తావులందు వాద్యమును మౌనముగా నుంచితిమి.

పెద్దలారా! మీ యిండ్ల బాలురు ఇట్టివి కొనదలచిన, వలదనకుడు. పెద్దదేది యని గాక, ఉన్న కంప్యూటరు మోయగలదా, పాడువారి శ్రుతికి వచ్చునా, గొంతునకు చోటిచ్చునా యని యడుగుడు. వెల చెల్లింపకముందే మాదిరి వినుడు. మే మట్లు చేయనందున ఆ అప్పు నింకను తీర్చుచున్నాము.

సాంవత్సరికము నాడు పాట విని, పియానో బాగున్నదని యెవరును అనలేదు. అందరును అమ్మాయినే తలచుకొనిరి. తోడువాద్యమునకు ఇంతకుమించిన మెప్పు లేదు.

సెలవు.