పోషకాహారాన్ని పొలం నుంచి చదవాలి

(రైతు సంఘం మండల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, పంట రుణాలు, నకిలీ విత్తనాల మీద మాట్లాడుకునే తరగతుల్లో ఈ పోషకాహారం గొడవ ఏమిటని పొద్దున టీ దగ్గర ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పోషకాహారమంటే గోడ మీద అంటించిన బొమ్మల పటమనీ, విటమిన్ల జాబితా అనీ మనకు అలవాటు చేశారు. ఇనుము తక్కువైతే మాత్ర, కాల్షియం తక్కువైతే ఇంకో మాత్ర. తిండిని ఇలా ముక్కలు చేసి చదివితే రైతుకు అందులో చోటు లేదు. మొత్తంగా చదివితే మాత్రం మట్టి, నీళ్లు, మిల్లు, కూలి, వంటిల్లు అన్నీ అందులోకి వస్తాయి. నేను రెండో రకం చదువు గురించే మాట్లాడతాను. ఇది నేను కనిపెట్టింది కాదు. మన జిల్లాల్లోనే పుట్టిన చదువు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో తమిళనాడులోని కూనూరులో ఒకే ఒక్క గదిలో మొదలైంది. రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. దాని మొదటి పేరే బెరిబెరి విచారణ విభాగం. 1958లో హైదరాబాద్‌కు మారింది. బెరిబెరి అంటే బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు. కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడతాయి, లేదా ఒళ్లు వాచి గుండె ఆగిపోతుంది. ఈ జబ్బు ఎక్కువగా కనిపించిన చోట్లలో మన కోస్తా జిల్లాలు, అప్పటి ఉత్తర సర్కారులు, ముఖ్యమైనవి. కరువు సీమ కాదు, వరి విరగపండే నేల! తల్లికి లోపం ఉంటే ఆమె పాలు తాగే పసిబిడ్డలు నెలల వయసులోనే పోయేవారు.

అదే మద్రాసు రాష్ట్రంలో తమిళ జిల్లాల వాళ్లూ బియ్యమే తిన్నారు. వాళ్లకు ఈ జబ్బు బాగా తక్కువ. తేడా ఎక్కడుంది? వాళ్లు ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలో ఉన్న బి1 గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మరపట్టినా చాలావరకు నిలుస్తుంది. మనవాళ్లు పచ్చి వడ్లను మిల్లులో తెల్లగా పట్టించారు. విటమిన్ తవుడులో పోయింది. మిగిలిన కాస్త కడుగు నీళ్లలో, వార్చిన గంజిలో పోయింది. ఆ తవుడూ కుడితీ గేదెకు పోశాం. గేదె బాగుంది, బాలింత పోయింది. రోకలి దంపుడు ఉన్నన్నాళ్లు గింజ మీద కాస్త పొర మిగిలేది. అలాగని ఆడవాళ్లను మళ్లీ రోకలి దగ్గర నిలబెట్టమని నేను చెప్పను. ఆ చాకిరీ ఎవరిదో మనకు తెలుసు. మిల్లులో పాలిష్ తగ్గించవచ్చు, అంతే. బియ్యం తెల్లగా ఉంటేనే ధర పలుకుతుందనే బజారు లెక్క ఇప్పటికీ నడుస్తోంది కదా, దాని ఖరీదు ఎవరు కట్టారో గుర్తుండాలని ఇంత చెప్పాను.

మెకారిసన్ ఇంకో పని చేశాడు. వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు బి. విశ్వనాథ్‌తో కలిసి పశువుల ఎరువు వేసి పండించిన చిరుధాన్యాన్నీ, గోధుమనూ, రసాయన ఎరువుతో పండించిన వాటినీ పోల్చి 1926లో ఫలితాలు ప్రకటించాడు. పశువుల ఎరువు గింజలోనే పోషక విలువ మెరుగ్గా కనిపించింది. ఆ ఒక్క ప్రయోగంతో వాదం తేలిపోయిందని అనను. గింజ విలువ మట్టి దగ్గర మొదలవుతుందా అని ఒక డాక్టరు అడగడమే నాకు ముఖ్యం. ఈ రోజు ఏ డాక్టరు అడుగుతున్నాడు?

ఇక నల్గొండ. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలుసు. 1973లో పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఆ ఫ్లోరైడ్ ప్రాంతంలో ఒక కొత్త వంకర గురించి రాశారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి ఒరుసుకుని, పాదాలు దూరంగా జరిగిపోతున్నాయి. ఫ్లోరైడ్ ఒక్కటే కారణమైతే ఈ రకం వంకర ఇంతకుముందు ఎందుకు లేదు? జొన్న ముఖ్యాహారంగా తినే ఇళ్లలో ఎందుకు ఎక్కువ? వెతుక్కుంటూ పోతే దారి పెద్ద డ్యామ్ దాకా వెళ్లింది. వాళ్ల వివరణ ఇది: నాగార్జునసాగర్ ఊట వల్ల చుట్టుపక్కల భూగర్భ జలం పైకి వచ్చి నేలలో క్షారం పెరిగింది. అలాంటి నేలలో మొక్క మాలిబ్డినం ఎక్కువ పీల్చుకుంటుంది. ఆ జొన్న తింటే ఒంట్లోని రాగి మూత్రంలో పోతుంది. రాగి తగ్గిన ఎముక ఫ్లోరైడ్ దెబ్బకు తట్టుకోలేదు.

దీన్ని ఏ డాక్టరు చీటీలో రాస్తారు? ఎముకల డాక్టరుకు ఎముక కనిపిస్తుంది, ఇంజినీరుకు కాలువ కనిపిస్తుంది, వ్యవసాయాధికారికి జొన్న దిగుబడి కనిపిస్తుంది. పిల్లవాడి కాళ్లలో మూడూ కలిశాయి. దీన్ని విని జొన్న చెడ్డదని ఇంటికి వెళ్లి చెప్పకండి. ఆ నీళ్లు, ఆ నేల, పక్కన పప్పూ పాలూ లేని పేదరికం, అన్నీ కలిసి చేసిన పని అది.

అప్పట్లోనే ప్రపంచమంతా ‘మాంసకృత్తుల కొరత’ అని ఒకటే గోల. పేద దేశాల పిల్లలకు ప్రొటీన్ పొడులు పంచాలన్నారు. సి. గోపాలన్ బృందం హైదరాబాద్‌లో అర్ధాకలి పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తినుబండారం 14 నెలలు పెట్టింది. రోజుకు 310 కేలరీలు, ప్రొటీన్ మాత్రం 3 గ్రాములే. పిల్లలు ఎత్తూ బరువూ బాగా పెరిగారు. అంటే వాళ్లకు ముందు కావలసింది కడుపు నిండా తిండి! ఇళ్లలో తినేదే సరిపడా లేదు. ఆ మాట 1973లో అచ్చయింది. ప్రొటీన్ డబ్బాల వ్యాపారం మాత్రం ఇప్పుడే జోరందుకుంది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ హాలులో కూర్చున్న అక్కలను లెక్కపెట్టుకుంటే సగం మంది కంటే ఎక్కువ. దీనికి ప్రభుత్వం చూపిన మందు రేషన్‌లో బలవర్ధక బియ్యం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన పిండితో చేసిన గింజలను వంద కిలోల బియ్యానికి కిలో చొప్పున కలుపుతారు. నీళ్లలో తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. ప్లాస్టిక్ కాదు, పారేయకండి. అలాగని దాంతో పని అయిపోయిందనీ అనుకోకండి. పాలిష్ పట్టి పోషకాలు తీసేసి, మళ్లీ కొని కలపడం నాకు వింతగానే ఉంటుంది.

రక్తం ఎందుకు లేదు? చెప్పులు లేని కాళ్లతో తడి నేలలో పనిచేస్తే కొంకిపురుగు ఎక్కుతుంది, అది రక్తం తాగుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే పడుతుంది. వరుస కాన్పులు. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే ఆచారం. దీన్ని మేం ‘అలవాటు’ అని పుస్తకాల్లో రాస్తాం గానీ, అది అన్యాయం. సంఘంలో మగవాళ్లు దీని మీద తీర్మానం చేయనక్కర్లేదు, రాత్రి పూట కలిసి కూర్చుని తింటే చాలు.

ఇంకోటి ఉంది, అది పూర్తిగా మన చేతిలోది. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, అనుము ఉన్నప్పుడు చేలో తోటకూర, గునుగు, పొన్నగంటి, తుమ్మికూర విత్తకుండానే వచ్చేవి. కలుపు తీసే ఆడవాళ్లు ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చేవారు. ఏ సర్వేలోనూ దిగుబడిగా రాయని దిగుబడి అది. పత్తి వచ్చింది, కలుపు మందు వచ్చింది. ఆ కొట్టుడుతో కూర పోయింది, కలుపు కూలీ పోయింది. ఇప్పుడు కూరగాయల బండి వస్తేనే కూర. కలుపు మందు ఎందుకు కొడుతున్నారో నాకు తెలుసు. కూలీలు దొరకడం లేదు, ఖర్చు భరించలేం అంటారు. నిజమే. కానీ ఎకరం లెక్క వేసేటప్పుడు ఆ కూర ధర కూడా వేయండి. అప్పుడు కూడా లాభమే అనిపిస్తే నాతో వాదించండి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ లెక్కే వేసి మిశ్రమ పంటలు నిలబెట్టుకున్నాయి.

వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది కూడా కష్టం. ఇది తెలిసినంత మాత్రాన ఎవరూ రాగి వేయరు. కొనేవాడు ఉంటేనే వేస్తారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి చాలా కడుపులు నింపింది, దాన్ని తక్కువ చేయను. సేకరణ అంతా వరి చుట్టూ తిరగడంతో పళ్లెం కూడా వరి చుట్టూ తిరిగింది. కాబట్టి మన డిమాండ్ల పత్రంలో రెండు వాక్యాలు చేర్చమని కోరుతున్నాను. జొన్న, రాగి, కంది ఊళ్లోనే మద్దతు ధరకు కొనాలి. కొన్నవాటిని అదే జిల్లా రేషన్ దుకాణాల్లో, అంగన్‌వాడీల్లో, హాస్టళ్లలో వాడాలి. మొదటి వాక్యం పాతదే. రెండోది లేకుండా మొదటిది నిలబడదు, గోదాముల్లో పురుగు పడుతుంది.

చివరగా ఒక పని. వచ్చే నెల తరగతికి ప్రతి గ్రామ శాఖా ఐదు ఇళ్లను ఎంచుకుని ఏడు రోజుల తిండి రాసుకుని రండి. ఏం వండారు, అందులో ఎంత సొంత చేనుది, ఎంత కొన్నది, ఏ నీళ్లు తాగారు, ఎవరు ఎప్పుడు తిన్నారు. కౌలు రైతు ఇల్లు ఒకటి, కూలి ఇల్లు ఒకటి తప్పనిసరి. పండగ వారం వద్దు, లెక్క తప్పుతుంది. నోటు పుస్తకాలు కార్యదర్శి దగ్గర ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.