వరుస లెక్కలలో “కంటె” అనే మాట

(ప్రసంగ పాఠం)



ప్లాటినం జూబిలీ సభలో గడచిన కాలాన్ని తలచుకోవడం ఆనవాయితీ. ఈ ప్రసంగ విషయం మాత్రం రాబోయే పరీక్షలకు చెందినది. బుద్ధిమత్తా ప్రశ్నపత్రాలలో వరుస లెక్కలు వస్తాయి. ఎవరు పొడుగు, ఎవరు పొట్టి, ఎవరిది ఎన్నవ స్థానం, ఇద్దరి నడుమ ఎందరు ఉన్నారు అని అడుగుతాయి. పైకి పొడుపుకథల వలె కనిపించే ఈ చిన్న ప్రశ్నల మీద, పద్మానగర్‌లోనో కామత్‌ఘర్‌లోనో అంజూర్ ఫాటా పరిసరాలలోనో మరమగ్గాల పనితో బ్రతికే ఇంటి పిల్లవాని చదువు కొంత ఆధారపడి ఉంటుంది.

మహారాష్ట్ర రాజ్య పరీక్షా పరిషత్తు జరిపే శిష్యవృత్తి పరీక్ష పూర్వం 4, 7 తరగతులకు ఉండేది. 2016-17లో 5, 8 తరగతులకు మార్చారు. తరగతులు మారినా బుద్ధిమత్తా భాగం పోలేదు. కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ప్రతిభా ఉపకార వేతన పరీక్ష ఇంకొకటి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో 8వ తరగతి చదివే పేద పిల్లలకు అది ఉద్దేశించినది. అందులో మానసిక సామర్థ్య పత్రానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఎన్నికైన వారికి 9వ తరగతి నుండి 12వ తరగతి వరకు ఇచ్చే వేతనం మొదట ఏడాదికి 6,000 రూపాయలు. 2017లో అది 12,000 అయింది. ఇరుకు గదిలో అద్దెకుండే కుటుంబానికి ఈ మొత్తం విలువ ఎంతో వేరొకరు చెప్పనక్కరలేదు.

రాష్ట్ర శిష్యవృత్తి పరీక్షను తెలుగు మాధ్యమంలోనే వ్రాసే వీలున్నది. అయినా తల్లిదండ్రులను ఒక సందేహం వదలదు. తెలుగులో చదివిన పిల్లవాడు ఇటువంటి పరీక్షలలో వెనుకబడడా అని. వరుస లెక్కల మటుకు జవాబు స్పష్టం: వెనుకబడడు. ఈ లెక్కలలో గణితం కూడిక, తీసివేతలను దాటి పోదు. తక్కినదంతా వాక్యాన్ని సరిగా చదవడం. ఇంటి భాషలో వాక్యాన్ని విడదీయగలిగినవానికి అంకెలు అడ్డురావు.

ఒక వాక్యం చూడవచ్చు. “రాము కంటె సోము పొడుగు.” చెవికి మొదట వినిపించేది రాము పేరు. తొందరపడిన పిల్లవాడు రామును పైన వ్రాసి సోమును క్రింద వ్రాస్తాడు. లెక్క అక్కడే తలక్రిందులవుతుంది. తెలుగులో “కంటె” తగిలిన పేరు కొలబద్ద, రెండవ పేరు కొలవబడేది. కొలబద్ద ముందు వస్తుంది. మరాఠీలో “పేక్షా”, హిందీలో “సే” కూడ సాధారణంగా ఇదే పద్ధతిలో నడుస్తాయి. ఇంగ్లీషు వాక్యం వేరు. అందులో పొడుగువాడు ముందు వచ్చి, కొలబద్ద చివరకు పోతుంది. కనుక ఇంగ్లీషు గైడు చూసి “వాక్యంలో ముందున్న పేరును పైన వ్రాయాలి” అని నేర్పితే, భివండి వీధులలో వినిపించే మూడు భాషలకూ అది పనికిరాదు. పిల్లవాడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: కొలబద్ద ఎవరు? మాట “పొడుగు” అయితే కొలబద్ద క్రిందికి పోతుంది. “పొట్టి” అయితే పైకి పోతుంది.

ఇంకొక మెలిక ఉన్నది. “రాము సోము కంటె పొడుగు కాడు” అంటే రాము పొట్టివాడని తేలిపోలేదు. ఇద్దరూ సమానం కావచ్చును. చాలమంది పెద్దలు కూడ ఈ చోట జారుతారు.

ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరికీ జీన్ పియాజే పేరు పరిచయమే. ఆయన యువకుడుగా పారిస్‌లో పనిచేసిన రోజులలో, అనగా 1920 ప్రాంతంలో, ఆంగ్ల మనస్తత్వవేత్త సిరిల్ బర్ట్ తయారుచేసిన తర్క ప్రశ్నలను ఫ్రెంచి పిల్లలకు పెట్టే పని ఆయనకు అప్పగించారు. వాటిలో ఒకటి అచ్చంగా వరుస లెక్క. ముగ్గురు అమ్మాయిలు. మొదటి అమ్మాయి జుట్టు రెండవ అమ్మాయి జుట్టు కంటె లేతరంగు. మూడవ అమ్మాయి జుట్టు కంటె ముదురురంగు. అందరిలో ముదురురంగు జుట్టు ఎవరిది? సరియైన జవాబు రెండవ అమ్మాయి. చిన్నపిల్లలు మూడవ అమ్మాయి అన్నారు. పియాజే తప్పు అని గుర్తుపెట్టి ఊరుకోలేదు. ఆ జవాబు ఎట్లు వచ్చిందని అడిగాడు. పిల్లలు “కంటె”ను వదలివేస్తున్నారు. మొదటి వాక్యంలోని ఇద్దరూ లేతరంగు వారు, రెండవ వాక్యంలోని ఇద్దరూ ముదురురంగు వారు అని పట్టుకొంటున్నారు. అనగా పోలికను గుణంగా మార్చుకొంటున్నారు. తరగతి గదిలో నేటికీ జరిగేది ఇదే. తప్పు జవాబు వ్రాసిన పిల్లవానిని “ఎట్లు వచ్చింది నాయనా?” అని అడిగితే, పది లెక్కలు చేయించినదాని కంటె ఎక్కువ ఫలం ఉంటుంది.

మందు కూడ సులభమే. పేర్లను మనసులో ఉంచుకోక, కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి పైన పొడుగు, క్రింద పొట్టి అని వ్రాసుకొని, ఒక్కొక్క వాక్యం చదివినప్పుడల్లా పేరును గీత మీద పెట్టడం. 90 నిమిషాలలో 90 ప్రశ్నలు ఉన్నప్పుడు గీతలు గీస్తూ కూర్చుంటే ఎట్లు అని కొందరంటారు. వాక్యాన్ని మూడుసార్లు చదివే వానికంటె ఒకసారి చదివి గీత గీసేవాడే ముందు ముగిస్తాడు.

ఈ గీత మీద ఒక ప్రమాదమూ ఉన్నది. “పద్మ కంటె లక్ష్మి పొడుగు. పద్మ కంటె గౌరి పొడుగు. అందరిలో పొడుగు ఎవరు?” పిల్లవాడు పద్మను క్రింద, లక్ష్మిని నడుమ, గౌరిని పైన వ్రాస్తాడు. ఎందుకు? గౌరి పేరు తరువాత వచ్చింది కనుక! వాక్యం ఆ మాట చెప్పలేదు. లక్ష్మి, గౌరిలలో ఎవరు పొడుగో ఈ రెండు వాక్యాల వలన తెలియదు. అందరిలో పొట్టి ఎవరని అడిగితే పద్మ అని నిర్భయంగా చెప్పవచ్చును. పొడుగు ఎవరని అడిగితే “చెప్పలేము” అన్నదే జవాబు. ప్రశ్నపత్రంలో నాలుగవ గడిలో ఆ జవాబు ఉంటుంది. మన బడులలో పెరిగిన పిల్లలకు దానిని గుర్తించడానికి చేయి రాదు. ప్రశ్న అడిగినప్పుడు “తెలియదు” అంటే చీవాట్లు తిన్న అనుభవం వారిది. తనకు తెలియకపోవడం వేరు, ఇచ్చిన సమాచారం చాలకపోవడం వేరు. ఈ భేదాన్ని చెప్పి, రెండవదానికి పూర్తి మార్కులు వేయడం ఉపాధ్యాయుల చేతిలోని పని. ఇటువంటి సందర్భంలో గీతను రెండు కొమ్మలుగా చీల్చి, లక్ష్మిని ఒక కొమ్మ మీద, గౌరిని ఇంకొక కొమ్మ మీద ఉంచాలి.

వాక్యాలు నాలుగైదు ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలన్నది తరువాతి చిక్కు. అంజూర్ ఫాటా వద్ద ఐదు రిక్షాలు వరుసగా నిలిచి ఉన్నాయనుకోవాలి. పద్మానగర్ రిక్షా కామత్‌ఘర్ రిక్షాకు ముందున్నది. ఆ రెండింటి నడుమ సరిగా రెండు రిక్షాలు. ధామణ్‌కర్ నాకా రిక్షా కళ్యాణ్ నాకా రిక్షాకు ముందున్నది. నార్పోలి రిక్షా అన్నింటికంటె వెనుక. మొదటి వాక్యంతో మొదలుపెట్టినవాడు తికమక పడతాడు. పద్మానగర్ రిక్షా మొదటిదీ కావచ్చును, రెండవదీ కావచ్చును. కదలని వాక్యం ఏదో ముందు వెదకాలి. అది నార్పోలి వాక్యం. ఐదవ చోటు దానిది. ఇక కామత్‌ఘర్ ఐదవది కాజాలదు కనుక పద్మానగర్ మొదటిది, కామత్‌ఘర్ నాల్గవది. మిగిలిన రెండు చోట్లలో ధామణ్‌కర్ నాకా రెండవది, కళ్యాణ్ నాకా మూడవది. చివర చెప్పిన మాటతో మొదలుపెట్టడం తప్పు కాదని పిల్లలకు చెప్పాలి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతికే పనివారికి ఈ పద్ధతి కొత్త కాదు. వారు వేలకొద్దీ పోగులను ఒకటి, రెండు అని లెక్కించరు. ఇరుప్రక్కల పోగులను చూసి ప్రతి పోగు చోటును నిర్ణయిస్తారు.

రెండు కొసల నుండి లెక్కించే ప్రశ్నలు ఇంకొక జాతి. ఇక్కడి స్టేషన్ పేరు భివండి రోడ్. వసయి నుండి దివా వరకు పేర్లను వరుసగా వ్రాస్తే వసయి రోడ్, జూచంద్ర, కామణ్ రోడ్, ఖార్బావ్, భివండి రోడ్, కోపర్, దివా. వసయి వైపు నుండి భివండి ఐదవది. దివా వైపు నుండి మూడవది. ఐదు, మూడు కలిపితే ఎనిమిది, పేర్లు ఏడే. భివండిని రెండు ప్రక్కల నుండీ లెక్కించడం వలన ఒకటి ఎక్కువ వచ్చింది. “రెండూ కలిపి ఒకటి తీసివేయి” అని సూత్రం వల్లించే పిల్లలకు ఆ ఒకటి ఎవరో తెలియదు; ఏడు పేర్లు నల్లబల్ల మీద వ్రాసి చూపితే మరల మరచిపోరు.

సూత్రం చాలని చోటు కూడ వస్తుంది. 40 మంది వరుసలో అనిల్ ఎడమ నుండి 15వ వాడు, సునీల్ కుడి నుండి 12వ వాడు. అనిల్ వైపు 15 మందిని, సునీల్ వైపు 12 మందిని తీసివేస్తే నడుమ 13 మంది. అదే ప్రశ్నను 20 మంది వరుసకు మార్చితే 15, 12 కలిసి 27 అవుతాయి. 20లో 27 పోవు. పిల్లవాడు ప్రశ్న తప్పనుకొంటాడు. తప్పు లేదు. సునీల్ కుడి నుండి 12వ వాడంటే ఎడమ నుండి 9వ వాడు. అతడు అనిల్‌కు ఎడమ ప్రక్కనే ఉన్నాడు. 9, 15 స్థానాల నడుమ ఐదుగురు. ఇద్దరినీ ఒకే కొస నుండి లెక్కించుకొంటే చిక్కు వీడిపోతుంది.

ర్యాంకుల ప్రశ్నలలో ఒక చిన్న పదబంధం పిల్లలను ముంచుతుంది. “ఉత్తీర్ణులైన వారిలో సీత పై నుండి 7వది, క్రింది నుండి 28వది. ఐదుగురు తప్పారు, ఆరుగురు పరీక్షకు రాలేదు. తరగతిలో మొత్తం ఎందరు?” 7, 28 కలిపి ఒకటి తీసివేస్తే 34, అది ఉత్తీర్ణులైన వారి సంఖ్య మాత్రమే. తప్పిన ఐదుగురు, రాని ఆరుగురు కలిస్తే 45. ఇంటికి వచ్చిన ప్రగతిపత్రాన్ని చూసే తల్లిదండ్రులకూ ఈ లెక్క పనికివస్తుంది. ఏడవ స్థానం 34 మందిలోనా, 45 మందిలోనా? పై స్థానంలోని వానికి, తమ వానికి నడుమ ఒక్క మార్కు తేడానా, ముప్పై మార్కులా? ర్యాంకు ఈ రెండింటిలో దేనికీ సమాధానం చెప్పదు. వరుస తెలుపుతుందే గాని దూరం తెలుపదు. మార్కులు అడుగక ర్యాంకు మాత్రమే అడిగే తల్లిదండ్రులు సగం సమాచారంతో పిల్లవానిని తిడుతున్నారు, లేదా మెచ్చుకొంటున్నారు.

“ముందు” అనే మాట కూడ జాగ్రత్త కోరుతుంది. ప్రార్థన వరుసలో ముందు నిలిచేవాడు పొట్టివాడు. ర్యాంకుల వరుసలో ముందున్నవాడు ఎక్కువ మార్కులవాడు, అయినా అతని సంఖ్య చిన్నది. ప్రతి ప్రశ్నలోనూ ఏ కొస దేనికి గుర్తో మొదట వ్రాసుకోవాలి.

ఇంటి వద్ద సాధనకు గైడు కొననక్కరలేదు. అక్షరాలు రాని తల్లి కూడ ఈ ప్రశ్నలు అడుగగలదు. సెలవునాడు బండిలో పోయేటప్పుడు “భివండి నుండి మూడవ స్టేషన్ ఏది?” అని అడిగి చూడవచ్చును. వసయి వైపు పోతూ, భివండిని లెక్కలో చేర్చకపోతే జూచంద్ర. చేర్చితే కామణ్ రోడ్. దివా వైపు పోతూ భివండిని చేర్చితే దివాయే మూడవది. చేర్చకపోతే ఆ ఏడు పేర్లలో మూడవది లేనే లేదు. పిల్లవాడు జవాబు చెప్పకముందు “ఏ వైపు? భివండిని లెక్కపెట్టాలా, వద్దా?” అని తిరిగి అడిగితే, వానిని పరీక్షకు పంపవచ్చును.