అరవై ఏళ్లు ఎవరి లెక్క?

(వృద్ధుల దినం సందర్భంగా వాడలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అక్టోబర్ 1 వృద్ధుల దినం. 1990లో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసి ప్రపంచమంతటికీ ఈ రోజు పెట్టింది. పట్నాల్లో ఇవ్వాళ శాలువాలు కప్పుతారు, పండ్లు పంచుతారు. మనం శాలువాల కోసం కూడలేదు. ఒక్క ప్రశ్న అడగటానికి కూడాం. మన తల్లులకు ముసలితనం ఎన్నో ఏట వస్తది? ఆ లెక్క కట్టింది ఎవరు?

మేము బడి అయిపోయాక ఈ అరుగు మీదే కూర్చుని పెన్షన్ దరఖాస్తులు రాస్తుంటాం. ఒక తల్లిని ‘వయసెంత పెద్దమ్మా?’ అనడిగాం. ‘దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు నా పెద్దోడు చంకలో ఉన్నాడు నాయనా’ అంది. ఉప్పెన వచ్చింది 1977లో. ఆమె ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1971 జనవరి 1! అంటే కార్డు ప్రకారం ఆరేళ్ల పిల్ల చంకలో బిడ్డ ఉన్నట్టు. ఎవరో తోచిన అంకె వేశారు. ఆ అంకె ఇప్పుడు ఆమె కూడు ఆపింది.

ఆఫీసుకు పోతే బడి సర్టిఫికెట్ తెమ్మన్నారు. బడి గడప తొక్కనివ్వని మనిషిని బడి కాయితం అడిగితే ఎక్కడ తెస్తది? వేలిముద్ర వెయ్యమంటే వేలి మీద గీతల్లేవు. కలుపు తీసీ, మిరపకాయలు కోసీ, అంట్లు తోమీ అరిగిపోయినయ్. కష్టం చేసిన గుర్తే ఆమెకు అడ్డమయ్యింది.

కార్డులో తేదీ సరిగ్గా ఉన్నా, అరవై అనే లెక్కే మనది కాదు. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం తన నివేదికలో ఒక మాట రాసింది. మన దేశంలో దళిత స్త్రీ సగటున అగ్రకుల స్త్రీ కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నది. మంచి నీళ్లు లేక, మరుగుదొడ్డి లేక, వైద్యం అందక. అందరికీ ఒకే వయసు పెట్టడం సమానత్వంలాగే కనిపిస్తది. కానీ ముందే పోయేవాళ్లకు ఆ వయసు అందని కొమ్మ.

దీన్ని మార్చలేమా? నేపాల్‌ను చూడండి. అక్కడ వృద్ధుల భృతి 1995లో మొదలైంది. అప్పుడు 75 ఏళ్లు నిండాలన్నారు. 2008లో అందరికీ 70కి తగ్గించి, దళితులకు మాత్రం 60కే ఇచ్చారు. 2022లో మిగతావాళ్లకు 68 చేశారు. నేపాల్లో కులం పోయిందని మేము చెప్పడం లేదు. కులం ఆయుష్షును కూడా తింటదని అక్కడి ప్రభుత్వం చేత ఒప్పించారు. అది చిన్న సంగతి కాదు.

దక్షిణాఫ్రికాలో 1928లో పెన్షన్ చట్టం వచ్చింది. నల్లవాళ్లకు ఇవ్వలేదు. 1944లో ఇచ్చారు గానీ తెల్లవాళ్లకంటే బాగా తక్కువ. ఇద్దరికీ సమానం అయ్యేసరికి 1993. ముసలితనానికి రంగు ఉంటదా? పాలించేవాళ్లు పూశారు. జనం కొట్లాడి కడిగారు.

మన దగ్గర? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నేతపనివాళ్లకు, కల్లుగీతవాళ్లకు 50 ఏళ్లకే పెన్షన్ ఉంది. అది న్యాయమే. మగ్గం ఒంటిని తింటది, తాడిచెట్టు ప్రాణాన్ని తింటది. మరి పదేళ్ల వయసు నుంచి బురదలో వంగి నాట్లేసిన నడుము సంగతేంది? భర్త పోతే వితంతు పెన్షన్ ఉంది. మొగుడు చచ్చినందుకు ఇస్తారు గానీ, తాను చాకిరీ చేసినందుకు ఇవ్వరు! ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు. అందులో 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు కేంద్రం వాటా 200 మాత్రమే. 1995లో 75 రూపాయలతో మొదలుపెట్టి ఇంతకాలానికి అక్కడిదాకా వచ్చారు.

అన్నలారా, తమ్ముళ్లారా, ఇప్పుడు మన ఇంటి మాట. ఒకటో తారీఖున తల్లి చేతిలో పడ్డ నోట్లు సాయంత్రానికి ఎవరి జేబులో ఉంటున్నయ్? దక్షిణాఫ్రికా పెన్షన్ల మీద ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్త లెక్కలు తీసింది. అవ్వకు డబ్బు వచ్చిన ఇళ్లల్లో మనవరాళ్ల ఎత్తూ బరువూ పెరిగినయ్. తాతకు వచ్చిన ఇళ్లల్లో అట్లా కనపడలేదు. అమ్మ డబ్బు అమ్మ దగ్గరుంటే ఇంట్లో ఆడపిల్ల కడుపు నిండుతది. ఆఫీసు మీద అరిచే నోటితో ఇంట్లో లాక్కుంటే మన మాటకు విలువ ఉండదు.

అందుకే ఈ సభ నుంచి అడుగుతున్నాం. వ్యవసాయ కూలి స్త్రీలకు 50 ఏళ్లకే పెన్షన్ ఇవ్వాలి. వయసు రుజువుకు వాడ పెద్దల సాక్ష్యం, గ్రామసభ తీర్మానం చాలాలి. వేలిముద్ర పడలేదని ఎవరి డబ్బూ ఆపకూడదు. వృద్ధుల హక్కుల మీద ప్రపంచ ఒప్పందం రాయాలని 2025 ఏప్రిల్‌లో మానవ హక్కుల మండలి నిర్ణయించింది. ఆ ఒప్పందంలో కులం అనే మాట ఉండాలి.

రేపటి నుంచి ఇంటింటికీ వస్తాం. ఉప్పెన లెక్కో, కరువు లెక్కో, మీకు తెలిసిన లెక్క చెప్పండి. మేము రాస్తాం. అందరం కలిసి పోదాం. పెన్షన్ దానం కాదు, మన తల్లులకు రావాల్సిన పాత కూలి బాకీ!

జై భీం!